చిత్రలేఖకుఁడు ఆర్థరు రాక్హాముగారి జీవితము

మన వార్షిక మహాసభల సంచికలయందు మహాపురుషుల చరిత్రములు ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. రాజ్యము లేలినవారిని గూర్చియు, యుద్ధములు గెలిచినవారిని గూర్చియు, సత్రములు సాగించిన దాతలను గూర్చియు మనము చదివియున్నాము. ఈ పర్యాయము నేను వ్రాయఁబూనిన చరిత్రము అట్టివారిది కాదు. ఇతఁడు కత్తి పట్టలేదు, కోటలు కట్టలేదు, మహాసభలలో గర్జింపలేదు. కుంచెయు, కలమును, సిరాబుడ్డియు మాత్రమే యితని యాయుధములు. కథాపుస్తకములకు బొమ్మలు వ్రాయుట యితని వృత్తి. నలువదియైదేండ్లకుఁ బైగా ఆ యొక్క పనినే చేసి, మరణశయ్యమీఁదఁ గూడ దానిని విడువక, లేని లోకములను ఉన్నవానివలె కన్నులకుఁ గట్టించిన యాంగ్లేయ చిత్రకారుఁడు ఆర్థరు రాక్హాము. చేతిపనివలన జీవించు కుటుంబములు పెక్కు గల మన సంఘమువారికి నితని చరిత్రము ప్రయోజనకరమని నాకుఁ దోఁచినది. చదువరులు పరదేశీయుని కథ యని ఉపేక్షింపక చిత్తగింతురు గాక.

రాక్హాము 1867వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయస్థాన సంబంధమైన యొక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా. తలిదండ్రులకుఁ బండ్రెండుగురు సంతానము. ఇంటఁ దరిద్రము లేకున్నను, ఒక బిడ్డఁడు తన యిచ్చవచ్చిన విద్యకై యేండ్లు గడుపుటకుఁ దగినంత సంపదయు లేదు. ఇట్టి సంసారములు మనకుఁ దెలియనివి కావు.

బాలునకు బొమ్మలు వ్రాయుట యన్న నన్నపానములకంటె నెక్కుడు ప్రీతి. రాత్రివేళ నిద్రపుచ్చిన తరువాత, పరుపులో దాఁచుకొన్న కాగితమును పెన్సిలును దీసి వ్రాయుచుండెడివాఁడు. పెద్దలు కనిపెట్టి కాగితములు లాగికొనఁగా, తలగడ గలేబుమీఁదనే బొమ్మలు వ్రాసెనఁట. సిటీ ఆఫ్ లండన్ పాఠశాలలోఁ జదువుచున్నప్పుడు చిత్రలేఖనమునకు బహుమానములు పొందెను.

ఈ సందర్భమున నా యపరాధ మొకటి చెప్పికొనవలసి యున్నది. నేను సంస్కృతోపాధ్యాయుఁడనుగా నున్న దినములలో నొక బాలుఁడు శబ్దమంజరి పుస్తకపు టంచులయందు కోఁతులను, తాటిచెట్లను, నా వ్రేలు చూపు రూపమును గూడ వ్రాసి నాకు దొరకిపోయెను. రామశబ్దము చెప్పలేనివానికి రామచిలుక యెందుకని మందలించి పెన్సిలు లాగికొని నా బల్లసొరుగులో వైచితిని. ఆ బొమ్మలో నా ముక్కు సరిగానే యుండెనని నాకుఁ దెలియును. కాని యా మాట వానితోఁ జెప్పలేదు. వాఁడు రామశబ్దము నేర్చుకొనెను, బొమ్మలు మానివైచెను. నేఁడు దూరదేశమున నొకరి కొట్టులో లెక్కలు వ్రాయుచున్నాఁడని వింటిని. లెక్కలు వ్రాయుట తక్కువ పని యని నే ననను. అయినను రాక్హాము చరిత్రము చదివినప్పుడెల్ల నా సొరుగు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

రాక్హాము దేహము బాల్యమున దృఢమైనది కాదు. ఆరోగ్యము చక్కఁబడుటకై 1884లో, పదునేడవయేఁట, ఓడ నెక్కించి యాస్ట్రేలియా ఖండమునకుఁ బంపిరి. మాసములకొలఁది సాగిన యా ప్రయాణమునం దతఁడు రంగులపెట్టె విప్పి సముద్రమును, రేవులను, కొండలను నీటిరంగులతో వ్రాసికొనెను. తిరిగి వచ్చునప్పటికి దేహమును నిశ్చయమును గూడ బలపడెను. తాను చిత్రకారుఁడు కావలెను. కాని తండ్రి గుమాస్తా, ఇల్లు పెద్దది, చిత్రకారుని జీతము నెలనెలకు వచ్చునది కాదు. కావున 1885లో వెస్టుమినిస్టరు ఫైరు ఆఫీసు అను అగ్నిప్రమాదముల భీమా కచ్చేరిలో గుమాస్తాగాఁ జేరెను.

ఇచ్చట మనవారు గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. ఇతఁడు కళయే దైవమని గృహమును విడిచి పోలేదు. కచ్చేరియే గతియని కళను విడువనూ లేదు. పగలు కచ్చేరిలో భీమాపత్రములు వ్రాయుట, సాయంకాలము లాంబెతు చిత్రకళాశాలలోఁ గూర్చుండి మానవదేహమును, వస్త్రపు మడతలను, వెలుఁగునీడలను అభ్యసించుట, ఇదియే నిత్యకృత్యము. సెలవుదినములలో బయటికిఁ బోయి చెట్లు వ్రాసెడివాఁడు. తీరిక దొరకినప్పుడు వ్రాసిన బొమ్మలను పత్రికలకుఁ బంపుచుండెను. ఇట్లు సుమారు ఏడేండ్లు గడచెను. పత్రికలవలన వచ్చు సొమ్ము కొంత నమ్మకము కలిగింపఁగా 1892లో కచ్చేరికి నమస్కరించి బయటికి వచ్చెను. అప్పటి కతనికి వయస్సు ఇరువదియైదు.

పాల్‌మాల్ బడ్జెటు, వెస్టుమినిస్టరు బడ్జెటు అను వారపత్రికలలో నతఁడు మొదట పని చేసెను. నగరమున నేదైన సభ జరిగినను, వేడుక జరిగినను, అచ్చటికిఁ బోయి త్వరత్వరగాఁ జూచినది చూచినట్లు వ్రాసి యియ్యవలెను. ఇది చేతికి మంచి సాధకము. కాని మనస్సునకు నిండుదనము లేదు. అదిగాక యా దినములలోనే ఛాయాపటములను దిమ్మలుగాఁ జేసి పత్రికలలో నచ్చొత్తు నుపాయము ప్రబలినది. యంత్రము నిమిషములోఁ జేయుదానిని మనుష్యుఁడు రాత్రి యెల్ల మేల్కొని యేల వ్రాయవలెను? పత్రికాచిత్రకారు లనేకుల జీవనమునకు భంగము వాటిల్లెను. బోయరు యుద్ధము జరిగిన 1899వ సంవత్సరము మొదలు మూఁడేండ్ల కాలము రాక్హామునకు మిక్కిలి యిబ్బందిగా గడచినది.

యంత్రము వచ్చి చేతిపనివాని యన్నము లాగికొన్న కథ మనకుఁ గ్రొత్త కాదు. మగ్గమునకును, కొలిమికిని, రంగులబొమ్మకును ఈ యాపద వచ్చియే యున్నది. అట్టివేళ రాక్హాము చేసినదేమన, యంత్రము చేయఁగల పనిని యంత్రమునకు విడిచి, అది చేయఁజాలని పనిని దాను పట్టుకొనెను. ఛాయాయంత్రము ఉన్నవానిని మాత్రమే పట్టఁగలదు. చెట్టుతొఱ్ఱలో గాపురమున్న మరుగుజ్జును, ఆకుమీఁద నిద్రించు వనదేవతను, వ్రేళ్లను కాళ్లుగాఁ జేసికొని నడచు మఱ్ఱిని నది పట్టలేదు. అవి చిత్రకారుని మనస్సునం దున్నవి. ఆ మనస్సునకు దారి యతని చేయి యొక్కటియే.

1893 మొదలు రాక్హాము పుస్తకములకు బొమ్మలు వ్రాయుచుండెను. 1900వ సంవత్సరమున జర్మను దేశపు గ్రిమ్ము సోదరులు సేకరించిన జానపద కథలకు వ్రాసిన బొమ్మలతో నతని పేరు బయటఁబడెను. మన యవ్వలు చెప్పెడి రాక్షసుల కథలవలెను, కాశీమజిలీ కథలవలెను, ఆ కథలయందును మంత్రగత్తెలు, మాటలాడు మృగములు, అడవిలోఁ దప్పిపోయిన పిల్లలు, కష్టపడి పైకి వచ్చిన పేదలు నుందురు. 1905లో వాషింగ్టను ఇర్వింగను అమెరికా దేశీయుఁడు రచించిన రిప్ వాన్ వింకిలు కథకు 51 రంగుల చిత్రములు వ్రాసెను. కొండలలో నిరువదియేండ్లు నిద్రించి లేచి, గడ్డము నెరసి, తన యూరిలోఁ దానే పరాయివాఁడైన యొకని కథ యది. గుహలో నిద్రించి లేచునప్పటికి యుగమే మాఱిపోయిన ముచుకుందుని కథ యెఱిఁగిన మనకు దాని రస మిట్టిదని వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. ఆ పుస్తకముతో రాక్హాము తన దేశపు బొమ్మల పుస్తకములలో నగ్రస్థానము నలంకరించెను.

మఱుసటి సంవత్సరము, 1906లో, జె. ఎం. బారీ రచించిన కెన్సింగ్టను తోఁటలలో పీటరు పాను అను కథకు 50 రంగుల చిత్రములు వెలువడెను. తొట్టిలోని శిశువొకఁడు కిటికీగుండ నెగిరిపోయి లండను నగరపు తోఁటలో పక్షుల నడుమను దేవతల నడుమను పెరుగును. తల్లి జ్ఞప్తికి వచ్చి యొకనాఁడు తిరిగి రాఁగా కిటికీకి నినుపకమ్ము లడ్డముగా నున్నవి. తల్లి యొడిలో వేఱొక బిడ్డ నిద్రించుచున్నాఁడు. ఆ కథకు రాక్హాము ఎక్కడనో లేని స్వర్గమును కల్పింపలేదు. జనులు నిత్యము నడచు నా తోఁటనే, ఆ చెఱువునే, ఆ యినుపకంచెనే, ఆ చెట్లనే యథాతథముగా వ్రాసి, వాని క్రీనీడలలో మాత్రము కనఁబడని ప్రజలను నిలిపెను. అది చూచిన పిల్లవానికి మఱునాఁ డా తోఁటలో నడచునప్పుడు ప్రతి వేరును అనుమానముగనే కనఁబడును. అద్భుతమునకుఁ బునాది యథార్థమని తెలిసికొన్న శిల్పి యతఁడు. మన శాస్త్రకారులు చిత్రమునకుఁ జెప్పిన యాఱంగములలో సాదృశ్య మొకటి. లేనిదానికి సాదృశ్య మెట్లన్న ప్రశ్నకు రాక్హాముగారి చెట్లే సమాధానము.

ఆయన పని చేయు విధము గూడ తెలిసికొనఁదగినది. మొదట పెన్సిలుతో తేలికగా రూపము నిర్ణయించును. పిదప కలముతో నల్లసిరా గీతలు సన్నముగాను బలముగాను దీర్చును. అటుపిమ్మట నీటిరంగును మిక్కిలి పలుచగాఁ గలిపి యొక పూత, అది యారిన తరువాత మఱియొక పూత, ఇట్లు పలుపూతలు వేయఁగా రంగులోనుండి వెలుఁగు వచ్చునట్లుండును. గోధుమవన్నె, ఎండుటాకు వన్నె, సాయంసంధ్యా ధూసరవర్ణము ఆయనకుఁ బ్రియములు. ముదురు రంగుల యార్భాటము లేదు.

ఈ వర్ణసంయోజనమునకు అభిరుచి యొక్కటియే కాక వ్యాపారజ్ఞానమును గారణము. ఆ కాలముననే త్రివర్ణ ముద్రణ మను క్రొత్త పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చెను. చిత్రమును రంగుటద్దముల గుండ మూఁడుమాఱులు ఛాయాపటముగా దీసి, సూక్ష్మబిందువులతోఁ గూడిన మూఁడు దిమ్మలు సిద్ధపఱచి, పసుపు, ఎఱుపు, నీలము సిరాలతో నొకదానిపై నొకటి యచ్చొత్తుదురు. దానికి నున్నని పూత కాగితము కావలెను. కావున బొమ్మలను వేఱుగ నచ్చొత్తి, దళసరి కాగితములమీఁద నతికించి, పైని పలుచని కాగితము కప్పి పుస్తకమునఁ గూర్చెడివారు. ఈ పద్ధతికి దొడ్డ లోప మొకటి కలదు: రంగుల యంచులు కలఁగిపోవును. రాక్హాముగారి నల్లసిరా గీత యా యంచులను గట్టిగాఁ బట్టియుంచెను. ఆయన సౌమ్యవర్ణములు ముద్రణములోఁ జెడకుండెను. యంత్రమువలనఁ దొల్లి కష్టపడిన మనుష్యుఁడే యంత్రము యొక్క గుణదోషములు నేర్చి దానిని దన సేవకునిగాఁ జేసికొనెను.

పుస్తకపు టట్టలకును ఆయన చిత్రములే. బట్టమీఁదను, విశేషప్రతులకైన తెల్లని తోలుమీఁదను బంగారుపూఁతతో ముద్రించిన యా ముఖచిత్రములు చూచి, లోపలి కథ యెట్టిదో చదువరి ముందుగనే గ్రహించెడివాఁడు. పండుగలకు బంధుమిత్రుల పిల్లలకుఁ గానుక లిచ్చుకొనుట కట్టి పుస్తకము లుపయోగపడెను. మొదట సంతకముతోఁ గూడిన విశేషప్రతులు, పిదప సామాన్యప్రతులు వెలువడును. మూలచిత్రముల స్వామ్యము మాత్ర మాయన ప్రకాశకుల కీయక తనయొద్దనే యుంచుకొని లీస్టరు చిత్రశాలలో ప్రదర్శించి విక్రయించెడివాఁడు. ఇట్లొక్క శ్రమకు రెండు ఫలములు లభించెను. చేతిపనివాఁడు తన పనితనమునే కాక తన హక్కునుగూడ నెఱిఁగి యుండవలెనని దీనివలనఁ దెలియుచున్నది.

1903లో రాక్హాము ఎడిత్ స్టార్కీ యను ఐర్లండు దేశీయురాలిని వివాహమాడెను. ఆమె స్వయముగా చిత్రకారిణి. ముఖచిత్రములు వ్రాయుటలో పేరెన్నికఁ గన్నది. భర్త బొమ్మలకు మొదటి పరీక్షకురా లామెయే. బాగుగ లేనిదానిని బాగుగ లేదని చెప్పఁగల ధైర్యము గలది. సహధర్మచారిణి యన్న మాట యిట్టివారి యెడ సార్థకము. 1908లో వారికి బార్బరా యను నొక్క కుమార్తె కలిగెను. ఇంటికి వచ్చిన భార్య మేనల్లుని తోఁటకుఁ గొనిపోయి చెట్టుక్రిందఁ గూర్చుండఁబెట్టి, ఆ వేళ్ల సందులలో నివసించు మరుగుజ్జుల కథలు చెప్పుచుండెడివాఁడఁట. సన్నని దేహము, ముడుతల ముఖము, కండ్లజోడు గల తన రూపమునే యద్దమునఁ జూచుకొని కొన్ని బొమ్మలలోని మరుగుజ్జులకుఁ బెట్టుటయు నాయనకు వినోదము.

1907లో లూయిసు కారలు రచించిన ఆలిసు కథకు ఆయన బొమ్మలు వ్రాసినప్పుడు నింద వచ్చెను. ఆ కథకు 1865లో జాను టెన్నియెలు వ్రాసిన బొమ్మలు దేశమున పాఁతుకొనిపోయి యుండెను. వేఱొకఁడు వాని జోలికిఁ బోవుట సాహసమని పలువురు విమర్శకులు మండిపడిరి. రాక్హాము వాదములకు దిగక తన పని తాను చేసికొనుచుఁ బోయెను. 1908లో షేక్స్పియరు వేసవి నడిరేయి కల నాటకము, 1910, 1911 సంవత్సరములలో వాగ్నరు సంగీతనాటకముల బృహత్కథ, 1912లో ఈసోపు నీతికథలు వరుసగా వెలువడెను. వాగ్నరు కథలో నదిగర్భమునుండి యపహరింపఁబడిన బంగారముతోఁ జేసిన యుంగర మెవరిచేతఁ బడిన వారిని నాశనము చేయును. శమంతకమణి చేతులు మాఱినప్పుడెల్ల రక్తపాతము జరిగిన కథ మనకును గలదు. ఈసోపు కథలలో సింహచర్మము కప్పుకొన్న గాడిద మన పంచతంత్రములోని పులితోలు గాడిదకు దాయాది. మిలాను నగరమున 1906లో జరిగిన యంతర్జాతీయ ప్రదర్శనమున నాయనకు స్వర్ణపతకము లభించెను.

ఆ వాగ్నరు బొమ్మలు చేసిన మేలొకటి చెప్పెదను. ఐర్లండున బుట్టిన సి. ఎస్. లూయిసు అను బాలుఁడు వానిలో నొకదానిని పత్రికలోఁ జూచి మైమఱచి, పుస్తకము కొనుటకు తన యొద్ద సొమ్ము చాలక, అన్నగారిచే సగము వెల పెట్టించి కొనెను. ఆ బాలుఁడే పెద్దవాఁడై 1950 మొదలు 1956 వఱకు నార్నియా యను నద్భుతలోకపుఁ గథలను ఏడు పుస్తకములుగా రచించెను. ఒకని బొమ్మ మఱియొకనికి కథ యగుట యిట్లే. చిత్రకారుఁ డెఱుఁగఁడు, తన గీత యే పిల్లవాని మనస్సున విత్తనమై పడునో!

1914లో మహాయుద్ధము ప్రారంభమాయెను. నలువదియాఱేండ్ల వయస్సు దాఁటి యుద్ధమునకుఁ బోఁదగని రాక్హాము హాంప్‌స్టెడ్ స్వచ్ఛందదళమునఁ జేరి ఎసెక్సు ప్రాంతమున కందకములు త్రవ్వెను. అతి సూక్ష్మమైన గీతలు గీయు వ్రేళ్లు పలుగుపార పట్టినవి. ఆ కాలముననే భార్యకు హృద్రోగము సంభవించి శేషజీవితమెల్ల నామె యనారోగ్యముతోనే యుండెను. యుద్ధానంతరము ఖరీదైన బొమ్మల పుస్తకములు కొనువారు తగ్గిరి. ప్రజల యభిరుచియు మాఱెను. ఆయన విచారించుచుఁ గూర్చుండలేదు. 1919లో సిండరెల్లా కథకును, 1920లో నిద్రాసుందరి కథకును నల్లని నీడబొమ్మలు వ్రాసెను. మన తోలుబొమ్మలాటలో తెరవెనుక దీపమునకు రాజులు రాక్షసులు కనఁబడినట్లు, ఆ నీడలలో ముఖముల రేఖ మాత్రమే భావము చెప్పును. రంగు లేక యైనను తన విద్య నిలువఁగలదని యాయన యిట్లు ఋజువు చేసెను. అమెరికా దేశమున నాయన చిత్రములకు గిరాకి పెరిగెను. 1927లో న్యూయార్కు నగరమునకుఁ బోయి గౌరవములు పొందెను. పిదప సరే మండలమున లింప్స్‌ఫీల్డు గ్రామమున నిల్లు కట్టుకొని స్థిరపడెను.

ఇఁక నీ చరిత్రములోని ముఖ్యఘట్టమునకు వచ్చుచున్నాను. 1908లో కెన్నెతు గ్రేహాము అను రచయిత నదీతీరపు జంతువుల కథ నొకదానిని రచించెను. ఎలుక, చుంచు, కప్ప, మఱియొక మృగము స్నేహితులై మనుష్యులవలె సంసారములు చేయుదురు. గాలియు, నదియు, రెల్లుపొదలును అందుఁ బాత్రములే. దానికి బొమ్మలు వ్రాయుమని రాక్హామును గోరిరి. ఆయన చేతిలో షేక్స్పియరు నాటకపుఁ బని యుండుటచే తీరిక లేదని నిరాకరించెను. పుస్తకము లోకమున ప్రసిద్ధ మాయెను. తరతరముల పిల్లలు దానిని చదివిరి. ఇతర చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. నిజముగ నా కథ రాక్హాముగారి చేతికొఱకే పుట్టినట్టిది. తీరిక లేదన్న యా యొక్క మాటకై యాయన ముప్పదియేండ్లకు సమీపముగా లోలోపల చింతించెను. గ్రేహాము 1932లో పరలోకగతుఁడాయెను.

1936లో అమెరికా దేశపు ప్రకాశకుఁడు జార్జి మేసీ యాయన యింటికి వచ్చెను. జేమ్సు స్టీవెన్సు రచించిన పుస్తక మొకదానికి బొమ్మలు వ్రాయుమని యడుగుట యాతని యుద్దేశము. మాటలలో రెండవ పుస్తకముగా గ్రేహాము కథను సూచించెను. ఆ పేరు వినఁగానే వృద్ధచిత్రకారుఁడు చలించి, మాట రాక, కొంతసేపు మొగము త్రిప్పుకొని కిటికీవంక నిలిచిపోయెనఁట. అట్టి దొరకదనుకొన్న పని యిట్లు మరల గుమ్మమునకు వచ్చెను. రెండు పుస్తకములలో దీనినే మొదట చేసెదనని పూనుకొనెను.

కాని దైవ మప్పటికే వేఱొక లెక్క వేయుచుండెను. 1938లో నాయనకు పుట్టవ్రణమునకు శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట దేహము కోలుకొనలేదు. దినమున కొంతసేపు మాత్రమే కూర్చుండఁగలిగెను. ఆ కొంతసేపును బొమ్మలకే వినియోగించెను. చిట్టచివరి చిత్రమునఁ జుంచును ఎలుకయు వనభోజనమునకై బుట్టతోఁ బడవకడ నుందురు. అది ముగించి శయ్యమీఁద నొరగిన పిదప నాయనకు తప్పొకటి తట్టెను: పడవలో తెడ్లు లేవు. తెడ్లు లేని పడవ యెట్లు సాగును? అది యెవ్వరు చూతురు, ఉండనిండని కుమార్తె బ్రతిమాలెను. ఆయన యొప్పుకొనలేదు. మరల లేచి, మిక్కిలి శ్రమపడి, ఆ పడవలో తెడ్లు వ్రాసి యప్పుడు విశ్రమించెను. అదియే యాయన చేసిన కడపటి పని.

శాకుంతలమున దుష్యంతుఁడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును జూచుకొని, ఇంకను మాలినీనదియు, ఇసుకతిన్నెలపై హంసలజంటయు, హిమవంతపుఁ జరియలును, చెట్టుక్రింద లేళ్లును వ్రాయవలసి యున్నవని తలపోయును. ఈ ఘట్టమును నేను పాఠశాలలో ముప్పదియేండ్లు బోధించితిని. కొఱఁత నెఱిఁగినవాఁడే చిత్రకారుఁడన్న యర్థమును బాలురకుఁ జెప్పితిని. రాక్హాముగారి తెడ్ల సంగతి తెలిసిన పిదపనే దాని భావము నాకుఁ బూర్తిగాఁ దెలిసినది. రాజు విరహముచే కొఱఁతను దలఁచెను. ఈ పనివాఁడు ధర్మముచే దలఁచెను. చూచువాఁ డడుగకున్నను పని యడుగును.

1939వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన, డెబ్బదిరెండవయేఁడు నిండుటకు పదుమూఁడు దినములు తక్కువగా, ఆర్థరు రాక్హాము లింప్స్‌ఫీల్డునఁ దనువు చాలించెను. అంతకు మూఁడుదినములకు ముందే రెండవ మహాయుద్ధమున నాతని దేశము ప్రవేశించి యుండెను. పుస్తకము 1940లో అమెరికాలో వెలువడెను. రచయితయుఁ జూడలేదు, చిత్రకారుఁడును జూడలేదు. చూచినవారు పిల్లలు. ఆయన మృతి నొందిన డెబ్బది సంవత్సరములకు, 2009తో, బ్రిటనులో నాయన బొమ్మల స్వామ్యపుఁ గాలము తీఱినది. నాఁటినుండి యా బొమ్మలు అచ్చటి జనులకెల్ల సొత్తు. అద్భుతకథల పుస్తకముల యట్టలమీఁద మెలికలు తిరిగిన వేళ్లును, ముఖములు గల చెట్లును నేఁడు మనకుఁ గనఁబడినప్పుడు, అందుఁ బెక్కింటికి మూలపురుషుఁ డీయనయే యని తెలియవలెను.

మహాశయులారా! ఈ చరిత్రమువలన నాకుఁ దోఁచిన దొక్కటి మనవి చేసి విరమించెదను. పగటి కచ్చేరియే రాక్హామునకు కూడు పెట్టినది. సాయంకాలపుఁ జిత్రకళాశాలయే యాయనను రాక్హామునుగాఁ జేసినది. ఆ సాయంకాలపు పాఠశాల లేకున్నచో భీమాకచ్చేరిలో నొక గుమాస్తా యెక్కువగా నుండెడివాఁడు. పీటరు పాను తోఁటలో దేవత లుండెడివారు కారు. మన విద్యార్థినిధికి విరాళము లొసఁగు దాతలు పరీక్షలలో నెక్కుడు గుణములు వచ్చిన బాలురను గుర్తించుచున్నారు, అది యుక్తమే. తలగడ గలేబుమీఁద బొమ్మ వ్రాయువాఁడు మన యిండ్లలో నెవఁడైన నున్నయెడల వానికిని సాయంకాల మొక గురువు, ఒక దీపము, కొన్ని కాగితములు దొరకునట్లు చేయుఁడని ప్రార్థన. ఉపాధ్యాయులకు వేఱొక ప్రార్థన: లాగికొన్న పెన్సిలును సాయంకాలమున కైనను తిరిగి యిండు. నా సొరుగులోని పెన్సి లిప్పటికిని నాయొద్దనే యున్నది.

శుభమస్తు.